దొరికినవాడి తాతలు

కోక్-జార్ పట్టణంలో చరిత్ర ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాల ఒకటుంది. దాని గుమ్మంలో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలేది ఉడికిన గొర్రెమాంసం వాసన. ఎప్పుడూ ఎవడో ఒక తనిఖీ అధికారి వస్తుంటాడు, అతని కోసం ఎప్పుడూ ఒక గొర్రె చస్తుంటుంది. హోదాను బట్టి ఏ ఎముక ఎవరి ముందు పెట్టాలన్న దాంట్లో అక్కడి అధ్యాపకులు ఏనాడూ పొరబడరు. పొరబడేదల్లా తేదీల్లోనే.

బురుల్ అక్కడ చేరేనాటికి ముప్పై దాటింది. కొండమీది ఊళ్లో గొర్రెల కాపరి ఇంటి కోడలు. ఆ ఊరి బడిలో చరిత్ర చెప్పేవాళ్లు లేక, ఆ పీరియడ్‌లో వ్యాయామం మాస్టారు పిల్లల చేత వాలీబాల్ ఆడించేవాడు. ప్రధానోపాధ్యాయురాలు బురుల్‌తో తేల్చి చెప్పింది: "పట్టా తెచ్చుకో, ఆ కుర్చీ నీది. పట్టా లేకపోతే నేను కాదు కదా, నా పైవాళ్లు కూడా ఏం చెయ్యలేరు." ఆ కుర్చీ కోసమే బురుల్ ఏటా కొండ దిగి, పట్నంలో మేనత్త ఇంట్లో చాకిరీ చేస్తూ, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ ఐదేళ్లు గడిపింది.

అక్కడ చదువంటే రాసుకోవడమే. పెద్ద అధ్యాపకుడొకాయన పసుపెక్కిన కాగితాలు చూసి చదువుతుంటే వీళ్లు రాసుకునేవాళ్లు. అది ఆయన కుర్రతనంలో తయారుచేసుకున్న పాఠం. సర్కారు మీద తుపాకులు పట్టుకుని కొండలెక్కినవాళ్లు అప్పట్లో అందులో బందిపోట్లు. దేశం మారింది, ఆయన పాఠం మార్చలేదు. 'బందిపోటు' అన్నచోటల్లా కొట్టేసి 'వీరుడు' అని రాసుకున్నాడు. కొన్నిచోట్ల కొట్టేయడం మరిచిపోయాడు. దాంతో ఒకే మనిషి పేజీ మొదట్లో వీరుడు, పేజీ చివర బందిపోటు. ఏది నిజమని బురుల్ ఒకసారి లేచి అడిగింది.

"రెండూ రాసుకో తల్లీ," అన్నాడాయన తలెత్తకుండా. "పరీక్ష పెట్టేవాణ్ని బట్టి ఏది కావాలంటే అది రాయొచ్చు."

బోధనా పద్ధతులు చెప్పే సామూదిన్ అగాయ్ మరో రకం. అగాయ్ అంటే మా దగ్గర అయ్యవారు. ఏ విందుకు వెళ్లినా మొదటి గ్లాసు ఎత్తి తన ఏడుగురు తాతల పేర్లు చదివేవాడు. చివర్లో నలుగురిని మరీ సాగదీసేవాడు: సారీకే, చోకోయ్, కోజోమ్‌బెర్ది, తిలెబాయ్. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుండేది వ్యవహారం. జిల్లాలో ఆ పేర్లు వినని చెవి లేదు.

ఆఖరి ఏడాది చరిత్ర విద్యార్థులందరూ పట్నం బడిలో, కమిటీ ఎదుట ఒక బహిరంగ పాఠం చెప్పాలి. దాన్నిబట్టే పట్టా. బురుల్‌కు వచ్చిన అంశం 'మన ఏడుగురు తాతలు', అంటే నాన్నతో మొదలుపెట్టి వెనక్కి ఏడు తరాలు. తరగతి గోడ మీద ఆ సామెతే పెద్ద అక్షరాల్లో ఉంది: ఏడుగురు తాతల పేర్లు తెలియనివాడు బానిస.

బహిరంగ పాఠం ఎలా నడపాలో సామూదిన్ ముందే నేర్పాడు. ప్రశ్న వేయగానే పిల్లలందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. కుడిచేతుల వాళ్లనే లేపాలి. వెనక కూర్చున్న కమిటీకి చేతుల అడవి కనిపిస్తుంది. కమిటీలో ఉన్నవాళ్లూ ఒకప్పుడు ఇలాగే పట్టా తెచ్చుకున్నవాళ్లే. అందరికీ తెలిసిన మోసాన్ని అందరూ కలిసి మెచ్చుకోవడం అక్కడ మర్యాద.

రిహార్సల్ రోజున సెజిమ్ దగ్గర పాఠం ఆగింది. ఏడో తరగతి పిల్ల, సన్నగా, గట్టిగా మాట్లాడే రకం.

"మా నాన్న తాలాయ్. తాత ఇసా. ముత్తాత తాబిల్దీ," అని ఊరుకుంది.

"తర్వాత?" అన్నాడు సామూదిన్.

"తర్వాత లేరు, అగాయ్."

"లేకపోవడమేంటి? మీ ముత్తాత ఆకాశం నుంచి పడ్డాడా?"

"కనుమలో దొరికాడంట."

తరగతి గొల్లుమంది. తాబిల్దీ అంటే 'దొరికాడు' అని. పందొమ్మిది వందల పదహారులో జారు చక్రవర్తి సైన్యం తరిమితే మావాళ్లు మంచు కనుమలు దాటి చైనా వైపు పరిగెత్తారు. దారిలో చచ్చినవాళ్లకు లెక్కలేదు. చచ్చిన తల్లి పక్కన కూర్చున్న పసివాణ్ని ఎవరో గుర్రం మీద వేసుకొచ్చి ఆ పేరు పెట్టారు. ఆ ఇంటి చరిత్ర అక్కడ మొదలవుతుంది. దాని వెనక ఉన్నది మంచు.

"దీన్ని ఎడమ చేతుల్లో పెట్టు," అన్నాడు సామూదిన్ బురుల్‌తో. మళ్లీ ఏదో తోచి పిల్ల వైపు తిరిగాడు. "ఎందుకైనా మంచిది, నాలుగు పేర్లు కంఠతా పట్టు. ఊఁ, రాసుకో. సారీకే, చోకోయ్..." నోటికి అలవాటైన నాలుగూ గడగడా చెప్పేశాడు. ఎవరి పేర్లు చెప్తున్నాడో అతని బుర్రకే అందలేదు. నోరు దాని దారిన అది వెళ్లిపోయింది.

బురుల్‌కు అందింది. అతను బయటికొచ్చాక వెంటపడింది. "అగాయ్, ఆ పిల్లకి అబద్ధం నేర్పిస్తున్నాం."

"అబద్ధం కాదమ్మా, పద్ధతి. నువ్వు మార్కు తెచ్చుకుని కొండెక్కు. అక్కడ నీ ఇష్టం వచ్చిన నిజాలు చెప్పుకో."

అవి మీ తాతల పేర్లేనని ఆమె చెప్పలేదు. ఎడమ చెయ్యే కదా, ఎవరూ లేపరనుకుంది. పైగా కుర్చీ కళ్లముందుంది.

బహిరంగ పాఠం రోజున కమిటీ అధ్యక్షుడిగా జిల్లా విద్యాధికారి ఎసెన్‌గుల్ వచ్చాడు. బొజ్జ ముందు, అతను వెనక. పక్క గదిలో మాంసం ఉడుకుతోంది. పాఠం మొదలైన కాసేపటికే అతని మెడ ఆ తలుపు వైపు తిరిగిపోయింది. కుడిచేతుల పిల్లలు లేచి తాతల పేర్లు అప్పజెప్పి కూర్చున్నారు. ఇక ముగించడమే తరువాయి అనగా అధ్యక్షుడికి హుషారొచ్చింది.

"ఆ పిల్లని లేపమ్మా. తలకాయంత తెల్ల రిబ్బన్లు కట్టుకున్నదాన్ని. ఏం పిల్లా, చెయ్యి అంత పైకెత్తావ్, పైకప్పు ఊడొస్తదా?"

సెజిమ్ ఎడమ చెయ్యి దించి లేచింది. బురుల్ వైపు చూసింది. బురుల్ నేల చూసింది. పిల్ల మొదలుపెట్టింది. "తాలాయ్, ఇసా, తాబిల్దీ, సారీకే, చోకోయ్, కోజోమ్‌బెర్ది, తిలెబాయ్."

అధ్యక్షుడు తొడ చరిచాడు. "ఒరే సామూదిన్! ఇవి నీ తాతల పేర్లే కదరా! నీ నోట వినీ వినీ నాకే కంఠతా వచ్చేశాయి. ఇంత దగ్గర చుట్టాన్ని బెంచీలో కూర్చోబెట్టి చెప్పవేంట్రా, దొంగ సచ్చినోడా!"

సామూదిన్ ముఖం సున్నం కొట్టినట్టయింది. అదీ ఒక్క క్షణమే. "సర్‌ప్రైజ్‌గా ఉంటుందని దాచాను, బాయ్కే," అన్నాడు. బాయ్కే అంటే అన్నగారు. లేచి వెళ్లి పిల్ల నుదుట ముద్దు కూడా పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చరిత్రలో పండిపోయిన ఆరుగురు పెద్దమనుషులు తాబిల్దీ అన్న పేరు విన్నారు. దొరికినవాడికి పైన నలుగురు తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారని ఒక్కడికీ అనుమానం రాలేదు. అనుమానానికి చోటెక్కడ, తలుపు సందులోంచి పులుసు వాసన వస్తుంటే.

అక్కడికక్కడే మార్కు ప్రకటించారు. ఐదుకు ఐదు. పట్టా ఖాయం, కుర్చీ ఖాయం.

విందులో టీ పోసేది పరీక్ష ఇచ్చిన విద్యార్థే. బురుల్ పోస్తోంది. గొర్రె తల అధ్యక్షుడి ముందు పెట్టారు. ఇంటి పిల్లలకు చెవి కోసివ్వడం మా ఆనవాయితీ, పెద్దల మాట బాగా వినపడాలని. అధ్యక్షుడు సెజిమ్‌ను పిలిపించాడు. జిడ్డు కారుతున్న వేళ్లతో చెవి కోసి పిల్ల అరచేతిలో పెట్టాడు.

"తినవే, సామూదిన్ వాళ్ల పిల్లా. ఇప్పుడు నువ్వు మావాళ్ల మనిషివి. ఒరే సామూదిన్, రేపు దీని పెళ్లికి గుర్రం నువ్వే ఇవ్వాలి!"

"ఇస్తా బాయ్కే, రెండిస్తా," అన్నాడు సామూదిన్ మూతి తుడుచుకుంటూ. అందరూ నవ్వారు.

సెజిమ్ తినలేదు. చెవిని అలాగే పట్టుకుని బురుల్ దగ్గరికొచ్చి అడిగింది. మెల్లగా అడగడం దానికి చేతకాదు. పంతులమ్మను మా దగ్గర ఎజే అంటారు, అక్క అని. "ఎజే, ఇది తింటే ఆ పేర్లు నావైపోతాయా? మరి మా తాబిల్దీ తాత నిజం నాన్న ఏమవుతాడు?"

గదిలో నములుడు ఆగింది. బురుల్ టీ కూజా కింద పెట్టింది.

"కావమ్మా. అవి సామూదిన్ అగాయ్ తాతలు. మొన్న రిహార్సల్లో నీకు అరువిచ్చారు. నేను వింటూ ఊరుకున్నాను. ఆ చెవి అక్కడ పెట్టేయ్." తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగింది. "తాబిల్దీ అని పేరే చెప్తోంది కదండీ. దొరికాడని విన్నారు. ఎక్కడ దొరికాడని ఇంతమందిలో ఒక్కరూ అడగలేదేంటి?"

అధ్యక్షుడు రుమాలుతో ఒక్కో వేలే తుడుచుకున్నాడు. సామూదిన్ మొదట తేరుకున్నాడు. "పెద్దల భోజనం దగ్గర ఇంత నోరా? పిల్లని రెచ్చగొట్టింది కూడా నువ్వేనా?"

"గోల ఆపండి, మాంసం చల్లారిపోతోంది," అన్నాడు అధ్యక్షుడు. ఆ మాటతో ఆ సంగతి ముగిసింది. మళ్లీ నమిలారు. ఎముకలు పీల్చారు. చివర్లో అరచేతులు ముఖానికి రాసుకుని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నారు.

మర్నాటికి బురుల్ మార్కు ఐదు నుంచి రెండుకు దిగింది. 'తరగతిపై అదుపు లేదు, పెద్దల పట్ల వినయం లేదు' అని కారణం. పట్టా పోయింది. ఆ ఏడు కూడా కొండమీది పిల్లలు చరిత్ర పీరియడ్లో వాలీబాల్ ఆడారు.

మరుసటి ఏడు ఆమె మళ్లీ దిగింది. ఈసారి 'గుడారం భాగాలు' అని ఎవరికీ ఇబ్బంది లేని అంశం ఇచ్చారు. పిల్లలు కుడి చేతులూ ఎడమ చేతులూ ఎత్తారు. ఆమె కుడిచేతుల వాళ్లనే లేపింది. గొర్రె కోశారు. టీ పోసింది. గట్టెక్కడానికి సరిపోయే మూడు మార్కులిచ్చి పంపించారు. ఇష్టమై చేసిందా అంటే, ఆ సాయంత్రం మేనత్త ఇంట్లో అన్నం ముట్టకుండా చేతులు సబ్బుతో మళ్లీమళ్లీ కడుక్కుందని మేనత్తే చెప్పింది. కుర్చీ మాత్రం వచ్చింది. ఇప్పుడు ఆమె తరగతిలో ఎవరూ చెయ్యెత్తరు. ఎత్తనివ్వదు. పేరు పెట్టి పిలుస్తుంది, తెలిస్తే చెప్తారు, తెలియకపోతే తెలియదంటారు.

పోయిన శరత్కాలంలో కళాశాల నుంచి ఒక అమ్మాయి శిక్షణకని ఆమె బడికి వచ్చింది. చేతిలో సామూదిన్ అచ్చువేయించిన పాఠ్యప్రణాళిక. పేరు 'కుటుంబ జ్ఞాపకం: తాబిల్దీ ఉదాహరణ'. ఇప్పుడు దాన్ని ఆఖరి ఏడాది వాళ్ల చేత కంఠతా పట్టిస్తున్నారట. బురుల్ తిరగేసింది. కనుమ ఉంది, మంచు ఉంది, చచ్చిన తల్లి ఉంది. ఆ పిల్లవాడి కథను మొట్టమొదట తరగతిలోకి తెచ్చింది తానేనని సామూదిన్ ముందుమాటలో రాసుకున్నాడు.

"ఇక్కడ రెండు నిమిషాలు ఆగాలి ఎజే," అంది ఆ అమ్మాయి, వేలు పెట్టి చూపిస్తూ. "పిల్లలు ఏడవాలి."

"ఏడుపు రానివాళ్లో?"

"వాళ్లకి ముందే చెప్పి ఉంచుతాం కదా," అంది ఆ అమ్మాయి. "వాళ్లు ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంటారు."