నన్ను మంచిదాన్ని చెయ్యకు

పోయిన మంగళవారం పొద్దున సిద్దిపేట దవాఖానలో రాజేందర్ వాళ్ల అమ్మ చనిపోయింది. రాజేందర్ బడిపంతులు, నేను నవలలు రాస్తాను. ఇద్దరు మగవాళ్లం, పదకొండేళ్లుగా ఆలుమగల్లా కలిసి బతుకుతున్నాం. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అట్లా రాస్తే ముందు ఆమెకే కోపం వస్తుంది. నేనంటే ఆమెకు గిట్టేది కాదు. నాకూ ఆమె గిట్టేది కాదు.

ఆమె చేనేత ఇంటి మనిషి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

"అవ్వా, బాగున్నవా?" అన్నాను, రాజేందర్ అమ్మను పిలిచినట్టే.

చెయ్యి ఆపలేదు. "నన్ను అవ్వ అనకు. నేను నీకేమైత?"

ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా గడప బయటే నిలబెట్టింది. వాన పడుతున్నా అంతే.

నా మొదటి నవలలో ఒక నేతగాడు ఇంకొక మగవాణ్ని ప్రేమిస్తాడు. చివర్లో అతని తల్లి ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తుంది. చదివి ఏడ్చామని ఎందరో ఫోన్లు చేశారు. ఆమెకు చదువు రాదు. కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం చదివించుకుంది. మర్నాడు నన్ను పిలిపించింది.

"గా తల్లి ఎవలు?"

"కథల మనిషి," అన్నాను.

"మా ఇల్లు, మా మగ్గం, నా కొడుకు మాటలు అన్ని రాసినవ్. గా తల్లి ఎక్కడ్నుంచి వచ్చింది? నేను నీకెన్నడన్న ఇంత బువ్వ పెట్టిన్నా?"

"లేదు. ఉన్నదున్నట్టు రాస్తే నిన్ను అందరు తిడ్తరు."

"తిట్టనియ్యి. చేసిన గదా, పడ్త. నన్ను మంచిదాన్ని చెయ్యనీకి నువ్వెవలు?"

ఒళ్లు మండింది. కానీ రెండో నవల రాస్తున్నప్పుడు, తియ్యటి వాక్యం ఒకటి పడగానే ఆ ప్రశ్న వినిపించేది. కొట్టేసేవాణ్ని. ఆ మేలు ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెప్పినా తీసుకునేది కాదు.

ఈ వానాకాలంలో మంచాన పడింది. రాజేందర్ బడికి పోతే దవాఖానలో నేను కూర్చునేవాణ్ని. ముఖం గోడవైపు తిప్పుకునేది.

"ఈయన నీకేమైతడమ్మా?" అని ఒకరోజు నర్సు అడిగింది.

"నాకేం గాడు. నా కొడుకు సంసారం చేసేది వీనితోనే."

వార్డంతా మావైపు తిరిగింది. సిగ్గుతో చచ్చాను. మా వైపు వాళ్లు, రాజేందర్ వైపు వాళ్లు, ఎరిగినవాళ్లంతా మమ్మల్ని దోస్తులనే చెప్పేవాళ్లు. మేమిద్దరమూ అట్లాగే చెప్పుకున్నాం. అసహ్యంతోనే అన్నా, ఉన్న మాట అన్నది ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నం ఆమె పెదాలెండి దగ్గుతుంటే నీళ్ల గ్లాసు నోటి దగ్గర పెట్టాను.

"నీ చేతి నీళ్లు తాగ. గిది సుత రాసుకో."

గ్లాసు కిటికీలో పెట్టి బయటికి వెళ్లిపోయాను. రెండోసారి అడగలేదు. నర్సు వచ్చేదాకా, పావుగంట పైనే, ఆమె అట్లాగే దగ్గుతూ ఉంది, బయటికి నాకు వినిపిస్తూనే ఉంది. నర్సును నేను పిలవొచ్చు. పిలవలేదు. రాయమంది కాబట్టి ఇదీ రాస్తున్నాను.

దహనం అయ్యాక అందరూ బోరు దగ్గర స్నానాలు చేశారు. నేను దూరంగా రోడ్డు మీద నిలబడ్డాను. రాజేందర్ మేనమామ నన్ను చూపించి, "ఎవలురా గాయన?" అని అడిగాడు. రాజేందర్ తడిబట్టలతోనే చుట్టాల మధ్య నుంచి నడిచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. అతని మోచేతి నుంచి నీళ్లు నా చెప్పుల మీద కారుతున్నాయి. మేనమామ ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.