ఆ హుక్ చేసిన ‘ఒక సభ్యుడు’

నిన్న పొద్దున ఫోన్‌లో శ్రీశైలం నంబర్ కనబడింది. ఎప్పటిలాగే నవ్వుతూ ఎత్తాను.

"చెప్పవయ్యా, ఒక సభ్యుడా!"

అవతల అతను కాదు. అతని భార్య లక్ష్మి.

"అన్నా... ఆయన పోయిండు."

గుండెపోటు. దవాఖానాకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

భర్త పోయిన మనిషితో నేను అన్న మొదటి మాట ఆ జోక్.

అది ఎక్కడిదో చెప్పాలి.

శ్రీశైలంది నాచారంలో కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్. ఆదివారాలు మా గ్లైడర్ క్లబ్ వాళ్లతోపాటు పీర్జాదిగూడ దాటి, ఇంకా ఇళ్లు లేని ఒక వెంచర్‌లో రిమోట్ గ్లైడర్లు ఎగరేసేవాడు. వాటికి మోటార్ ఉండదు. గాలిపటంలా దారంతో లాగి పైకెక్కించాలి.

ఆ దారం తగిలించేది గ్లైడర్ పొట్ట కింద ఉండే చిన్న హుక్‌కి. గాలి ఎక్కువుంటే హుక్ కాస్త ముందుండాలి, లేదంటే గ్లైడర్ పక్కకి తిరిగి నేలకు కొట్టుకుంటుంది. గాలి లేనిరోజు వెనక్కి ఉంటేనే బాగా పైకెక్కుతుంది. మా హుక్కులన్నీ ఒకేచోట అతికించినవి.

శ్రీశైలం ముందుకీ వెనక్కీ జరిగే హుక్ చేశాడు. పళ్ల సెట్ల క్లిప్పులకు వాడే స్టీల్ తీగ వంచి, గాడి కోసిన ఇత్తడి పట్టీలో స్క్రూతో బిగించాడు.

మొదటిరోజే హుక్ జారి, గ్లైడర్ పడి రెక్క విరిగింది. నేను గాలిని తిట్టాను.

"గాలినేమనకు అన్నా. పట్టీ నున్నగుంది, జారింది. జర పళ్లు పెడ్త. నా పనే గది గద!"

తర్వాతి ఆదివారానికి పట్టీ అంచున ఆకురాయితో పళ్లు కోసుకొచ్చాడు. మళ్లీ జారలేదు. అడిగినవాళ్లందరికీ చేసిచ్చాడు.

నేను దీనిమీద పేపర్‌లో ఫీచర్ రాశాను. స్నేహితుల పేర్లు రాయకూడదన్నది నా రూల్. అందుకే "సభ్యుల్లో ఒకరు చేసిన హుక్" అని రాశాను.

ఆ హుక్‌తో ఎగరేసినవాళ్ల పేర్లు మాత్రం వచ్చాయి. వాళ్లు నాకు పరిచయస్తులే, స్నేహితులు కాదు.

అతను చదవకముందే ఆ పేపర్ ల్యాబ్‌లో అందరికీ పంచాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"హలో రిపోర్టర్ సాబ్, ఒక సభ్యుడు మాట్లాడుతున్న."

నవ్వాను. అప్పటినుంచి మా పలకరింపు అదే.

నిన్న ఉప్పల్ నుంచి నేను వెళ్లేసరికి వాళ్లింటి ముందు టెంట్ వేసేశారు. వచ్చినవాళ్లకు లక్ష్మి నన్ను చూపించింది.

"ఆయన హుక్ గురించి పేపర్ల రాసింది ఈ అన్ననే. పేరు గూడ రాసిండట, ఆఫీసోళ్లు కోసేసిన్రట. గంతే గద అన్నా?"

అది శ్రీశైలం ఇంట్లో చెప్పుకున్న మాట. నా మీద మాట పడకుండా.

నేను తల ఊపాను.

ఫ్రీజర్ బాక్స్ పక్కన నిలబడి, అవునన్నట్టు తల ఊపాను. ఎవరేం చెప్పినా నిజమేనా అని రెండోసారి అడగడమే నా ఉద్యోగం.

లక్ష్మీ, ఎవరూ కోయలేదమ్మా. నేనే రాయలేదు.

సవరణ: "సభ్యుల్లో ఒకరు" అన్నచోట "నాచారం శ్రీశైలం" అని చదువుకోగలరు.

సెలవు, శ్రీశైలం. ప్రశాంతంగా ఉండు. ఇక నన్ను వెనకేసుకు రానక్కర్లేదు.