అమ్మా అన్న పిలుపు

రండి, ఇలా చాప మీదికి, నా పక్కకే రండి. ఫోను కాసేపు బోర్లా పెట్టి ఈ మాట వినండి.

మా మనవరాలు హిందీ మాట్లాడే ఊళ్లో ఒకటో తరగతిలో చేరి ఇంకా నెలైనా కాలేదు. ఒక పొద్దున్న మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "నాను బడికెల్లను!"

"ఏటైనాదే అమ్మా?" అన్నాను.

"అలాగ పిలవకు మామ్మా!" అని భోరుమంది.

టీచరు పిల్లలను వరసగా 'ఇంట్లో ఏమని పిలుస్తారు' అని అడిగిందట. మనది ఉన్నమాటే చెప్పింది, 'అమ్మా' అని. అక్కడివాళ్లకు అమ్మా అంటే కన్నతల్లే, క్లాసంతా పడి పడి నవ్వారు, అడగడం అక్కడితో ఆగిపోయింది. అప్పటినుంచి టిఫిను వేళకు, ముందు ఒక బొద్దు పిల్లాడు, వాడి వెనక మిగతావాళ్లు, "అమ్మా, రోటీ దేదో!" అని రొట్టె పెట్టమన్నట్టు చేతులు చాపడమే. ఇది హాజరు పలకడం కూడా మానేసింది.

"వొదిలీయే, నాల్రోజులకి మర్సిపోతారు" అంది మా అమ్మాయి. ఈలోగా పిల్ల నోరే మూసుకుపోతే? చెయ్యి పట్టుకుని బడికి నడిపించాను.

నా హిందీ గోల్ బజార్‌లో కూరగాయల బేరానికి సరిపోయేంత. దానితోనే చెప్పాను. "బహన్‌జీ, మా వైపు ఆడపిల్ల ఎంత చిన్నదైనా అమ్మే. కోప్పడేటప్పుడు కూడా అమ్మా అనే కోప్పడతాం."

"అచ్ఛా!" అంటూ ఆవిడ నన్ను లోపలికి తీసుకెళ్లి తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. పిల్లలవైపు తిరిగి, "ఆ రోజు నవ్వులో ఆగిపోయాం. మిగతావాళ్లు చెప్పండి" అంది.

వెనక బెంచీలో ఒక బెంగాలీ పిల్ల లేచింది. "నన్ను ఇంట్లో 'మా' అంటారు. అంటే అమ్మే. భయమేసి చెప్పలేదు." ఆ వెనకే ఇంకో పిల్ల, "నన్ను నోనీ అంటారు, పాపా అని" అంది. రోటీ అడిగిన ఆ బొద్దు పిల్లాడు తల గోక్కున్నాడు. "మా దాదీ నన్ను డోక్‌రా అంటుంది. ముసలోడా అని!" ఈసారి అందరికంటే ముందు నవ్వింది వాడే.

టీచరు ఆ పిలుపులతోనే హాజరు మొదలుపెట్టింది. "అమ్మా!" అంది.

నేను కుర్చీలో ముందుకు వంగాను.

"ప్రెజెంట్ మేడమ్!"

ఏం గొంతండీ అది! పక్క క్లాసు పిల్లలు వచ్చి కిటికీ ఊచలకు వేలాడారు. ఒక్కరూ నవ్వలేదు. మనది మాత్రం నావైపు తిరిగి, "మామ్మా, నువ్వింక ఇంటికెల్లు. నాకు సదువుంది" అంది.

మీ ఇంటి పిల్లలు ఏ గుమ్మం తొక్కినా, 'రా అమ్మా, రా నాన్నా' అనే గొంతే వాళ్లకు ఎదురురావాలి. మీ ఇల్లు పదికాలాలపాటు చల్లగా ఉండాలి.