జెండా రంగు బెల్లం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ చాప ఇటు లాక్కోండి. పాయసానికని బజారు నుంచి తెచ్చిన బెల్లాన్ని మా మనవరాలు ఇందాకే పొయ్యి మీద కరిగించింది. ఆ వాసన తగలగానే నా ప్రాణం బోధన్ పక్కన మా ఊరి గానుగ దగ్గరికి పోయి వాలింది. అది చెప్పకుండా ఇక ఊరుకోలేను.

చలి వెనక్కి తగ్గే రోజుల్లో మాకు చెరుకు నరుకుడే పని. ఎడ్లు చుట్టూ తిరుగుతుంటే గానుగ నోట్లో పెట్టిన గడలు చిట్లి రసం జలజలా దిగేది, పిప్పి మంట మీద వెడల్పాటి పెనంలో పాకం కుతకుత ఉడికేది, మేం పిల్లలం గడ కొనకు వేడి పాకం చుట్టుకుని ఊదుకుంటూ నాకేవాళ్లం. బోధన్ వైపు ఓడల మీద వచ్చిన యంత్రాలతో చక్కెర కార్ఖానా లేస్తూ ఉండేది. దాన్ని నిలబెట్టడానికి వచ్చిన తెల్లదొరలు మోటారులో పోతుంటే మేం వెంటబడి పరుగెత్తేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. రాజ్యం నిజాముది, నిజాము భుజం మీది చెయ్యి తెల్లదొరది అని మాకూ లీలగా తెలిసేది.

నాన్నను బాపు అనీ, నాన్న తమ్ముణ్ణి చిన్నబాపు అనీ పిలిచేదాన్ని. ఖద్దరు కట్టేవాడు. అంగడి రోజున నిజామాబాద్ బజారులో సర్కారు వద్దన్న మూడు రంగుల జెండా ఎత్తి జైలుకు పోతానని తోటివాళ్లకు మాట ఇచ్చి వచ్చాడు. అతని భార్య, మా చిన్నమ్మ, మోదుగుపూలు ఉడికించి గుడ్డకు ఒక అంచున కాషాయం దింపింది, అంగట్లో కొన్న పొడితో రెండో అంచున ఆకుపచ్చ అద్దింది. మా అవ్వ, చిన్నబాపును కన్న తల్లి, "ఎత్తుడు మస్తుగనే ఉంటది, లాఠీ దిగినంక సూడు" అని కొడుకును దెప్పేది. మళ్లీ తనే దాన్ని మడిచి గానుగ కొట్టంలో గంప కింద దాచింది.

అంగడికి ముందురోజు పొద్దున్నే పోలీసు జమాదారు ఇద్దరు జవాన్లతో దిగాడు. ఎవరు చెప్పారో ఏమో, ఇల్లంతా తిరగేసి గానుగ వైపు వస్తున్నారు. ఎడ్లు తోలుతున్న చిన్నబాపు కొయ్యబారి నిలబడ్డాడు. అవ్వ గంప కింది జెండా లాగి, రసం కుండ మూతికున్న వడపోత గుడ్డ విప్పేసి దీన్ని బిగించి కట్టింది. రెండు కడవల రసం పోసేసరికి నురుగూ నలుసులూ పేరుకుని రంగు కనపడకుండా పోయింది.

పెనం పొయ్యి మీద ఉండగా తోలు వస్తువు దాని దరికి రాకూడదని మాకు ఆచారం. గానుగకు వచ్చినవాడు ఎవడైనా సరే, రసం తాగకుండా పోకూడదని ఇంకో ఆచారం.

"బూట్లిడిసి రా బిడ్డా, లచ్చిమి ఉడుకుతున్నది" అంది అవ్వ.

జమాదారు పిక్కల దాకా చుట్టిన పట్టీల వైపు చూసుకున్నాడు. "ఇవి ఇప్పి మల్ల సుట్టుకునేటాళ్లకు పొద్దుగూకుతది ముసలమ్మా. గీడికే తే."

అవ్వ చెంబు నిండా ఇచ్చింది.

"రసం గింత పచ్చగున్నదేంది?"

"లేత చెరుకు సాబ్. ఇంకింత పోయాల్నా?"

అతను ఇంకో చెంబు తాగి మీసం తుడుచుకున్నాడు. జవాన్లు గడ్డివామిని కట్టెలతో పొడిచి చూశారు. వెళ్లిపోయారు.

గుడ్డ విప్పి చూశాం. పచ్చంతా రసంలోకి దిగిపోయింది, కాషాయం మరకలా మిగిలింది. ఉతికితే ఆ మరకా పోతుందని చిన్నమ్మ నీళ్లలో ముంచనివ్వలేదు.

"రంగే పాయె, ఇగ ఏం జెండా రా? పోకు నాయినా" అని అవ్వ చెయ్యి పట్టుకుంది.

"బట్టున్నది గదనే అవ్వా. మాటిచ్చిన."

తెల్లారి పోయాడు. బాపు దూరం నుంచి వెంట వెళ్లి, చూసి వచ్చి చెప్పాడు: ఎండకు అప్పడంలా బిగిసిన గుడ్డ, దాని మీద ముసిరిన ఈగలు, "ఈగల జెండారో" అని ఎవడో నవ్వితే బజారంతా నవ్విందట. చిన్నబాపు దించలేదట. లాఠీలు పడ్డాక నవ్వు ఆగిపోయిందట.

ఆ రసం కాచిన పెనంలో బెల్లం కొంచెం ఆకుపచ్చగా దిగింది. అవ్వ దాన్ని కుండలో పెట్టి ఉట్టికెక్కించింది. నేను ఎన్నిసార్లు చెయ్యి చాపినా చురుక్కుమనేలా ఒక్కటి వేసేది. వానలు వచ్చిపోయాక చిన్నబాపు జైలు నుంచి తిరిగొచ్చాడు, ఎముకలే మిగిలి బొక్కల గూడై, గానుగ పొగకు కూర్చోలేనంత దగ్గుతో. అవ్వ ఉట్టి దించి ఒక ముద్ద అతని అరచేతిలో పెట్టింది.

"గుడ్డ వాళ్లు గుంజుకున్నరు బిడ్డా. రంగు నా కాడ్నే ఉన్నది."

అతను దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తినలేదు. ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టాడు. ఇంకో చెరుకు పంటకు అతను లేడు.

గానుగలు పోయాయి, ఎడ్లు పోయాయి, బోధన్ పొగగొట్టంలో పొగా పోయింది. మనవరాలు తెచ్చే బెల్లం తెల్లగా, ఏ మచ్చా లేకుండా ఉంటుంది. నేను మాత్రం ప్రతి ముక్కనూ వెలుతురుకు పట్టి చూసే నోట్లో వేసుకుంటాను.

మీ ఇంట తీపి తరగకూడదు. మీ గడప దాటిన బిడ్డ ఒంటి మీద దెబ్బ లేకుండా తిరిగి రావాలి. చల్లగా ఉండండి.