రిపేరు అర చూసి కొన్న బూట్లు

ఆ రాతికొండకు మనుషుల్ని ఎక్కించి క్షేమంగా దింపడమే గైడమ్మ పని. మొదట భర్త వెంట, ఆయన కొండ మీదే పోయాక ఒంటరిగా ఎక్కింది. ఇప్పుడు మోకాలు మొరాయిస్తోంది. బేకరీలో పనిచేసే కొడుక్కి మేడమెట్లు ఎక్కితేనే ఆయాసం. ఇక మిగిలింది కోడలు. ఆ పిల్లకు కొండంటే ప్రాణం, అత్తంటే ప్రాణభయం.

కోడలు తనతో కలిసి శిఖరం దాకా వెళ్లి రావాలని, ఆ పిల్ల నడక తనకు నచ్చితే వచ్చే జట్టుకు ఆమెనే ముందు నడిపిస్తానని గైడమ్మ చెప్పింది. కానీ ముందు బూట్లు కొనాలి.

బూట్లు కొనడానికి గైడమ్మ పొద్దున పూట ఎవర్నీ తీసుకెళ్లదు. పొద్దుటి కాలు అబద్ధం చెబుతుందని, రోజంతా నడిచి వాచిన కాలే నిజం చెబుతుందని ఆమె నమ్మకం. కోడల్ని సాయంత్రం దాకా వీధులన్నీ తిప్పి అప్పుడు దుకాణానికి తీసుకెళ్లింది. అద్దాల వెనక ఎర్రవీ నీలివీ తళతళలాడుతుంటే వాటి వంక కన్నెత్తి చూడకుండా నేరుగా వెనక గదిలోకి నడిచింది. అక్కడ రిపేరుకు వచ్చిన పాత బూట్ల అర ఉంది.

"చెడ్డ బూటు మళ్లీ ఈ గడప తొక్కదమ్మాయ్, చెత్తకుప్పకే పోతుంది. అరిగిన అడుగు తీయించి కొత్తది వేయించుకున్నారంటే, మనిషికి దాన్ని వదల బుద్ధి కాలేదన్నమాట. ఇక్కడ ఏది ఎక్కువుంటే అదే కొనాలి" అంది.

కోడలు నోరెళ్లబెట్టింది. కొత్తది ఎంచడానికి పాతవాటిని అడగాలని ఆమెకెప్పుడూ తోచలేదు. అరలో ఎక్కువగా ఉన్నవి ఒకే తోలుముక్కతో చేసి, అడుగును జిగురుతో కాక కుట్టుతో బిగించిన బరువైన బూట్లు. గైడమ్మ ఏళ్ల తరబడి తొడుగుతున్నవీ అవే. వాటిలో కాస్త వెడల్పు రకం కూడా ఉందని దుకాణదారు చెప్పబోతే, నాకు నప్పింది దీనికి నప్పదా అని కొట్టిపారేసింది. ఎవరి కాలి మాట వాళ్లే వినాలని ఊరందరికీ చెప్పే మనిషి! కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందని ఊరికే అన్నారా?

"సరిపోయాయిగా?" అని అడిగింది.

"సరిపోయాయి అత్తయ్యా" అంది కోడలు. చిటికెనవేలు నొక్కుకుపోతోంది. తోలే కదా, సాగుతుందిలే అనుకుంది.

సాగడానికని గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ నెలంతా అవే తొడిగింది. నిద్రపోయేటప్పుడైనా విప్పుతావా అని మొగుడు వేళాకోళమాడాడు. బూటు పైభాగం మెత్తబడింది గానీ చిటికెనవేలి పక్క అంచు మాత్రం తన పంతం వీడలేదు.

నెల తిరిగాక అత్తాకోడళ్లు కొండెక్కారు. శిఖరం కిందుండే ఇరుకు గట్టు చేరేసరికి కోడలి వేలు నిప్పులా మండుతోంది. చెబితే అత్త ఎంపికను తప్పుబట్టినట్టవుతుంది, చేతికొచ్చిన పనీ పోతుంది. చెప్పకపోతే ఎక్కగలదు. కానీ దిగేటప్పుడు ఆ కాలు మీద బరువు నిలుస్తుందా? ఆమెకు నమ్మకం లేదు.

"అత్తయ్యా, ఆగండి. బూటు కరుస్తోంది. ఈ కాలితో దిగలేను. ఇక్కణ్ణుంచే వెనక్కి వెళ్దాం."

గైడమ్మ వచ్చి బూటు విప్పించింది. మేజోడు నెత్తురుతో తడిసి ఉంది.

"కొన్ననాటి నుంచీనా? మరి సరిపోయాయన్నావే?"

"మీరలా అడిగితే కాదని ఎవరంటారత్తయ్యా?"

గైడమ్మ గట్టు వైపు చూసింది. "మీ మామయ్యా ఇంతే. ఆ రోజు కాలు బాగాలేదని నాతో అనలేదు. అంటే తిడతాననుకున్నాడేమో. అలాగే దిగాడు" అంది. ఆమె కళ్లలో నీళ్లు కోడలు చూడటం అదే మొదలు. తర్వాత సంచిలోంచి కత్తి తీసి, తాను అంతగా మెచ్చుకున్న తోలును చిటికెనవేలి పక్కన పరపరా కోసేసింది. కట్టు కట్టి, కోడలి చెయ్యి పట్టుకుని కిందికి దింపింది.

మర్నాడు సాయంత్రం ఆ కోసిన బూట్లను దుకాణంలో బల్ల మీద పెట్టింది. "తప్పు బూటుది కాదు, నాది. వెడల్పువి తియ్యి" అంది. దుకాణదారు పొద్దు పడమట పొడిచినట్టు చూశాడు. కోడలు తొడిగి చూసుకుంటున్నంతసేపూ గైడమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. సరిపోయాయా అని అడగనే లేదు. తప్పు చేయని పెద్దలు ఎక్కడా ఉండరు గానీ, చేసిన తప్పును బల్ల మీద పెట్టేవాళ్లకు మాత్రం దండం పెట్టాలి.

కొత్త తోలు మెత్తబడేదాకా జట్టును ఆగమంది. ఆ తర్వాత కోడలు ముందు, జట్టు మధ్యలో, తాను అందరికంటే వెనక. గట్టు దగ్గరికి వచ్చేసరికి గాలి లేచింది. కోడలు చెయ్యెత్తి, "ఆగండి. ఈ రోజుకు ఇంతే" అంది.

శిఖరం చేతికందేంత దూరంలో ఉంటే ఆగడమేమిటని జట్టులో ఒకాయన గొణిగి, గైడమ్మ ఏమంటుందోనని వెనక్కి తిరిగి చూశాడు.

గైడమ్మ అప్పటికే వెనుదిరిగి, మొదటి అడుగు కిందికి వేసింది.