అల ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి

తొంభైల మొదట్లో, సంగారెడ్డిలో డిప్లొమా చివరి ఏడాది, చీటీలు వేసి ప్రాజెక్టులు పంచారు. నా చీటీలో సముద్రపు అలల శక్తిని లెక్క కట్టమని ఉంది. నేను సముద్రం చూడలేదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు. వైవాలో గట్టెక్కితే పటాన్‌చెరులో అప్రెంటిస్, లేదంటే మళ్ళీ ఏడాది. భయంగా ఉండేది.

కాలేజీ వెనక సిమెంటు తొట్టిలో నీళ్ళు నింపి, ఒక చివర చెక్కతో ఊపాను. రెండో చివర తేలుతున్న డబ్బా, అలకు లేచినప్పుడల్లా తాడుతో ఒక చిన్న బరువును పైకి లాగేది. అల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివాను. ఆ ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలో మాత్రం పుస్తకంలో వెతకలేదు. మా నాయినను అడిగాను. ఆయన మందుల కంపెనీ ట్యాంకుల్లో కడ్డీ ముంచి మట్టం చూసేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని.

"నిలబడ్డ నీళ్ళ కాడ గీత గియ్యి. ఆడికెళ్ళి ఎంత పైకి లేస్తే గంతనే ఎత్తు. మేం గట్లనే కొలుస్తం," అన్నాడు.

అలాగే కొలిచి, రిపోర్టు టైపు చేయించి, బైండింగ్ కూడా చేయించాను. వైవా రోజు నాయిన షిఫ్టు మార్చుకుని, కంపెనీ బట్టలతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

కాకినాడ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా రిపోర్టును రెండుసార్లు తిరగేశారు.

"అమ్మాయ్, నీ లెక్క ప్రకారం అలలో ఉన్న శక్తికి రెండింతల పని చేసింది నీ డబ్బా. దేశానికి కరెంటు బాధ తీర్చేశావు."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కాగితం మీద అల గీసి చూపించారు. నీళ్ళు పైకి ఎంత లేస్తాయో, పక్కనే అంత గుంట పడుతుంది. ఆ గుంట అడుగు నుంచి కొలవాలి. నేను కొలిచింది సగమే, అందుకే నా లెక్కలో అల శక్తి నాలుగో వంతుకు పడిపోయింది.

"ఇలా కొలవమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే."

"నేనే చెప్పిన సార్," అన్నాడు నాయిన తలుపు దగ్గర నుంచి. "పిల్లది తప్పు లేదు. మా దగ్గర ఉన్న సరుకే లెక్క. లేని జాగను ఎవలు కొలువరు."

ఎగ్జామినర్ ఆయనకు కుర్చీ చూపించారు. నాయిన కూర్చోలేదు. బల్ల మీదికి వంగి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"అయితే గుంట గుడ పని జేస్తదన్నట్టు."

"చేస్తుందండీ," అన్నారు ఎగ్జామినర్, మర్యాదగా.

నా చేత అక్కడే లెక్క మళ్ళీ చేయించారు. డబ్బా పని అల శక్తిలో సగానికి దిగింది. బొటాబొటి మార్కులతో పాస్ చేశారు.

నాకు నాయిన మీద కోపం వచ్చింది. పరాయి మనిషి ముందు ఆయన పరువు నిలబెడదామనుకుంటే, ఆయనే వచ్చి పోగొట్టుకున్నాడు. పటాన్‌చెరు బస్సులో ఆయన పక్క సీటు వదిలి వెనక కూర్చున్నాను.

దిగాక అడిగాడు. "నా వల్ల మార్కులు తగ్గినయా బిడ్డా?"

"లేదు," అన్నాను.

అది అబద్ధమని ఆయనకు తెలుసు. ఈసారి సరిదిద్దలేదు.