కొంగలకుంట యెజెబెలు

“మొసలి! పదకొండు అడుగులు! మన వంటింటి కిటికీకి నూటనలభై అడుగుల దూరంలో!”

లీలాకుమారి ఈ మాట మొగుడి ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది.

“కొలిచావా?” అన్నాడాయన.

“కిటికీ నుంచి గట్టు దాకా నేనే కొలిచాను. మొసలిని నోవహు గారు కొలిచారట.”

నోవహు గారి గురించి ఎవరైనా తెలుసుకోవలసింది ఒక్కటే. ఆయనకు మొసలి కనిపిస్తుంది. ఇంకెవరికీ కనిపించదు.

సైనిక్‌పురి దాటాక వచ్చే కొంగలకుంట దగ్గర ప్రతి ఆదివారం పొద్దున్నే పదిహేనుమంది వాలంటీర్లు చేరేవారు. గుర్రపుడెక్క పీకి, ప్లాస్టిక్ సంచులు ఏరి, పక్షుల్ని లెక్కపెట్టి రాసుకునేవారు. అందరికీ కొంగలు, బుడుబుంగలు, నీటిపాములు కనిపిస్తే నోవహు గారికి వీటన్నిటితో పాటు ఒక మొసలి అదనం. ముప్పై ఏళ్ళ పాటు జంటనగరాల చర్చిలన్నిటికీ హార్మోనియంలు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. ఆరింటికి టై కట్టుకుని మోకాలి లోతు బురదలో దిగేవారు. ఎనిమిదిన్నరకు అదే టైతో ఆరాధనకు వెళ్ళేవారు. ఆయన కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు.

మొసలికి ఆయన యెజెబెలు అని పేరు పెట్టారు. బైబిల్లో అదొక దుర్మార్గపు రాణి పేరు.

“ఆడమొసలి అని ఎట్లా తెలుసండీ?” అని అడిగింది వాలంటీర్ల పెద్ద జగదాంబ. ఆవిడ రిటైరైన హిందీ టీచరు. ఆవిడ ముందు అబద్ధమాడి బతికిన పిల్లవాడు లేడు.

“నన్ను చూసిన చూపుల తెలిసింది టీచరమ్మా. మా ఆవిడ సుత గట్లనే చూస్తది.”

యెజెబెలు జనవరిలో ఏడడుగులుండేది. ఈస్టర్ వెళ్ళిన వారానికి తొమ్మిదయింది.

“మూడు నెలల్లో రెండడుగులా?” అంది జగదాంబ.

“శ్రమదినాలు అయిపోయినయ్ కద. ఉపవాసం ఇడిసి కడుపునిండ తింటున్నది.”

అది తిన్నవాటి జాబితా ఆయన నాలుక చివరే ఉండేది. తాపీమేస్త్రి చెప్పు, కిరసనాయిలు డబ్బా, అట్లాసు సైకిలు సగం. “తక్కిన సగం?” అని ఎవరైనా అడిగితే, “పోలీసోళ్ళ దగ్గరున్నది” అనేవారు. బుడుబుంగ గుడ్ల కోసం వచ్చిన కుర్రాళ్ళకు ఒకసారి గుడ్డ చుట్టిన వేలు చూపించారు. “నిన్ననే. జెర ముద్దు పెట్టుకున్నది, గంతే.” కుర్రాళ్ళు గోడ దూకి పోయారు. వేలు మీద నిజానికి పడింది హార్మోనియం మూత.

లీలాకుమారి జువాలజీలో ఎమ్మెస్సీ. ఆ జూన్‌లోనే కుంట పక్క ఇంట్లో అద్దెకు దిగింది. వాలంటీర్లలో చేరిన మొదటి ఆదివారమే వాదన పెట్టుకుంది.

“అంకుల్, మొసలి ఉంటే గట్టు మీద ఎండకు పడుకోవాలి. పాకిన గుర్తులుండాలి. నేను చదువుకున్నానండీ.”

“నువ్వు దాని గురించి చదివినవ్ బిడ్డా. అది నీ గురించి చదవలే.”

ఆమెలో ఎమ్మెస్సీ మొసలి లేదంటుంది, తల్లి ఉందంటుంది. ఆ ఇంట్లో ఎప్పుడూ తల్లిదే గెలుపు. మూడేళ్ళ కూతురు హారిక కోసం నీళ్ళు మూడుసార్లు కాగేవి. ప్లగ్గు రంధ్రాలన్నిటికీ ప్లాస్టర్లు అతికించి ఉండేవి. పిల్లకు వచ్చిన మొదటి మాట ‘అమ్మ’ కాదు, ‘వద్దు’.

పదకొండడుగుల వార్త విన్న రాత్రి లీలాకుమారికి నిద్ర పట్టలేదు. తెల్లారగానే కూర్చుని అటవీశాఖ ఆఫీసుకు ఒక ఉత్తరం రాసింది. ఊరికే రాస్తే అది సైన్సు ఎలా అవుతుంది? జగదాంబ దగ్గరి రిజిస్టరు తెచ్చి, మొసలి కనిపించిందని నోవహు గారు రాయించిన ముప్పై ఏడుసార్లకీ తేదీ, వేళ, చోటు, పొడవు రాసి, గీతలు కొట్టి పట్టిక వేసింది. అంత శుభ్రమైన ఉత్తరం ఆ ఆఫీసుకు ఎన్నడూ వచ్చి ఉండదు. చదివినవాళ్ళు నమ్మేశారు.

శనివారం సాయంత్రం వీరయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతను కుంట కాపలాదారు.

“అమ్మా, గజబ్ అయింది! సోమారం నాలుగు మోటర్లు పెట్టి కుంట మొత్తం ఎండగొడ్తరంట! మొసలిని పడ్తరంట!”

బుడుబుంగ గూడు నీళ్ళ మీద తేలుతుంది. నీళ్ళు పోతే బురదలో కూలబడుతుంది, కుక్కలు తాపీగా నడిచివస్తాయి. ఆ వారం తుంగలో తొమ్మిది గూళ్ళున్నాయి. అన్నిట్లోనూ గుడ్లున్నాయి. వాటన్నిటి మీదికీ మోటార్లు తెచ్చింది ఆమె పట్టికే.

ఉత్తరం నకలు ముందేసుకుని, గ్రాఫు కాగితం మీద కుంట బొమ్మ గీసి, మొసలి కనిపించిన చోటల్లా చుక్క పెట్టింది. ముప్పై ఏడు చుక్కలూ మూడే చోట్ల పడ్డాయి. మట్టి తవ్వుకుపోయిన లోతు గుంట దగ్గర ఇరవై. పగిలిన సీసాల కుప్ప దగ్గర ఎనిమిది. బుడుబుంగల తుంగ దగ్గర తొమ్మిది. పిల్లలాడుకునే ఇసుక గట్టు వైపు ఒక్కటీ లేదు. ఏ మొసలికీ ఇంత క్రమశిక్షణ ఉండదు!

హారికను చంకనేసుకుని కుంటకు పరుగెత్తింది. తుంగలోంచి “గ్రోఁ...” అని శబ్దం వచ్చింది. లీలాకుమారి కొయ్యబారిపోయింది. హారిక మాత్రం తుంగ సందులోంచి చూసి చప్పట్లు కొట్టింది.

“తాతా, ఇంకోసారి!”

తుంగ పక్కకు తొలిగింది. ఒళ్ళో పాత హార్మోనియం పెట్టుకుని, టై భుజం మీదికేసుకుని నోవహు గారు కూర్చున్నారు.

“మూడు రీడ్లు పోయినయ్ బిడ్డా,” అన్నారు సిగ్గుపడుతూ. “పాటకు పనికిరాదు. మొసలికి మంచిగ పనికొస్తది.”

“ఎందుకండీ ఇదంతా?”

“పోయినేడు ఒక పిల్లగాడు గుంటల జారిండు. వీరయ్య జుట్టు దొరకబట్టి గుంజిండు, బతికిండు. ‘లోతు గలదు’ అని బోర్డు పెట్టిన. క్రికెట్ల వికెట్ లేదని పీక్కపోయిండ్రు. ఇంకో బోర్డు పెట్టిన. అది రెండో వికెట్ అయింది. మొసలిని ఎవడన్న ఎత్తుకపోతడా?”

మోటార్ల సంగతి ఆమె చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది. “గుడ్లున్నయ్ కద!” అన్నారు.

సోమవారం పొద్దున నాలుగు మోటార్లు, రెండు వలలు, ఒక ఆఫీసరు, చూడ్డానికి సగం కాలనీ వచ్చారు. అందరి ముందూ నోవహు గారు ఆఫీసరు ఎదుట నిలబడ్డారు.

“సార్, మోటర్లు బంద్ చెయ్యుండ్రి. మొసలిని నేనే.”

“మీరా? పదకొండడుగులన్నారే!”

“అయిదడుగుల నాలుగంగుళాలు సార్. కొంచెం పెంచి చెప్పిన.”

హార్మోనియం తీసి గాలి కొట్టే బెల్లోస్ నొక్కారు. గ్రోఁ అన్నది. ఆఫీసరు రెండడుగులు వెనక్కేశాడు. నోవహు గారి చేతికి కంగారులో అలవాటైన మెట్లే దొరికి, మొసలి సగంలో స్తోత్రగీతం ఎత్తుకుంది. కాలనీ అంతా గొల్లుమంది. ఇన్నాళ్ళూ భయపడ్డ కుర్రాళ్ళు మరీ ఎక్కువ నవ్వారు.

లీలాకుమారి ముందుకొచ్చి గ్రాఫు కాగితం ఆఫీసరు చేతిలో పెట్టింది. “సర్, నా పట్టిక తప్పు కాదు. పేరొక్కటే తప్పు. ఇవి మొసలి ఉన్న చోట్లు కావు, పిల్లలకో గుడ్లకో ప్రమాదం ఉన్న చోట్లు.”

ఆయన మూడు చోట్లూ తిరిగి చూశాడు. గుంట దగ్గర కర్ర దించాడు. కర్ర మొత్తం మునిగింది. మోటార్లు వెనక్కి వెళ్ళాయి. వారం తిరక్కముందే గుంట చుట్టూ ముళ్ళకంచె వచ్చింది, సీసాలు లారీ ఎక్కాయి, తుంగ దగ్గర వీరయ్యకు గొడుగూ స్టూలూ వచ్చాయి. తొమ్మిది గూళ్ళలో ఏడింట్లో గుడ్లు పిల్లలయ్యాయి.

“మరి యెజెబెలు ఏది తాతా?” అని పిల్లలు నోవహు గారిని ఏడిపించేవారు.

“ట్రాన్స్‌ఫర్ అయింది. బొల్లారం. ప్రమోషన్ మీద పోయింది.”

ఒకనాడు లీలాకుమారి అడిగింది. “కాలనీ పిల్లలంతా మీ మొసలికి హడలిపోయారు కదా, అయినా ఒక్కడూ కుంటకు రావడం మానలేదు. నేను వద్దంటే మా హారిక అదే పని నాలుగుసార్లు చేస్తుంది. ఎందుకంటారు?”

“నేను మూడు తావులనే వద్దన్న బిడ్డా. తక్కిన కుంటంత వాళ్ళకే ఇడిసిపెట్టిన. నువ్వేమో ఇల్లు మొత్తం వద్దంటివి. పిల్ల ఏడికి పోవాలె? ఒక్క తావు వద్దంటే, రెండు తావులు చూపించి ‘పో, ఆడుకో’ అనాలె. గప్పుడే ఆ ఒక్క వద్దు వింటది.”

లీలాకుమారి ఇప్పుడు అదే చేస్తోంది. నిన్న గ్యాసు పొయ్యి దగ్గరికి వద్దని, గోధుమపిండి డబ్బా, నీళ్ళ బకెట్టు చూపించి, “పో, ఆడుకో” అంది. పిల్ల పొయ్యి వంక మళ్ళీ చూడలేదు. వంటగది కడగడానికి మాత్రం రెండు గంటలు పట్టింది.